పొడుగక్క నంబరు

దగ్గరికి జరగండమ్మా, ఇంకొంచెం. ఈ వారం సంగతి గట్టిగా చెప్పుకునేది కాదు. ఆ చివర కూర్చున్నవాళ్ళూ ఇటు రండి, సగం విని సగం ఊహించుకుంటే నిద్రపట్టదు మీకు. మొత్తం వింటే పడుతుందని నేను మాటివ్వడం లేదు, అది వేరే విషయం.

పోయిన వారం ఎక్కడ ఆగామో గుర్తుందిగా? మా అమ్మాయి వార్డెన్‌గా ఉన్న ఆడపిల్లల వసతి భవనం. కింద రెండు గదుల్లో మా అమ్మాయీ నేనూ ఉంటాం. పై అంతస్తుల నిండా చదువుకునే పిల్లలు. ఈ ఏడే కాలేజీలో చేరిన నా మనవరాలు కూడా పంతం పట్టి వాళ్ళతో పాటు పైనే గది తీసుకుంది. పిట్టంత మనిషి, ఒక్కచోట నిలవదు, అందరూ దాన్ని పిచ్చుక అంటారు. అది తన గదిలో కూర్చుని కంప్యూటర్లో పరీక్ష రాస్తుండగా, చేరినప్పటి నుంచీ అప్పుడప్పుడూ అవుతున్నట్టే, నెట్ తెగిపోయింది. తెగితే తెగింది, కాలేజీ వాళ్ళకి అదే నంబరు మీద ఇంకో కంప్యూటర్ కనిపించింది. నీ బదులు ఇంకెవరో కూర్చుని రాస్తున్నారన్నాడు పరీక్షల సారు. సాయంత్రం ఆఫీసు మూసే లోపల ఆ రెండో కంప్యూటర్ తెచ్చి తన బల్ల మీద పెడితే సరి, లేకపోతే ఏడాది చదువు గోవిందా అన్నాడు.

నెట్ చూసే ఇంజనీరుకి కబురు పెట్టాం. ప్రతి పనికీ ముందు "నిదానం, నిదానం" అంటాడు కాబట్టి పిల్లలు ఆయనకి ఆ పేరే పెట్టారు. ఇప్పుడు ఆయన భార్య కూడా ఫోన్లో "నిదానం గారున్నారా" అనే అడుగుతుంది. ఆ నిదానం గారు పిచ్చుక గది తీగ స్వయంగా ఊడబీకి, ఆ నంబరుని తన కంప్యూటర్ నుంచి పిలిచాడు. ఎవరూ పలకకూడదు. పలికారు. అక్కడ ఆగాం.

ఈ నంబరు గోల ఏమిటో నాకు తెలిసినంతలో చెబుతాను. ఒక వీధిలో రెండిళ్ళకి ఒకే డోర్ నంబరు ఉందనుకోండి. పోస్టుమాన్ ఏం చేస్తాడు? ఒక ఉత్తరం ఇక్కడ వేస్తాడు, ఇంకోటి అక్కడ వేస్తాడు, ఎవరి కబురూ ఎవరికీ సరిగ్గా అందదు. నెట్‌లో కంప్యూటర్లకీ అంతే. మిగతా చోట్ల ఆ నంబర్లు ఒక పెట్టె తనంతట తనే పంచిపెడుతుందట. మా భవనంలో ఆ పెట్టె మొదటి నుంచీ మొండిది. అందుకని పిల్లలు ఎవరి నంబరు వాళ్ళే చేత్తో పెట్టుకుంటారు. చదువు అయిపోయి వెళ్ళే పెద్దపిల్ల తన నంబరుని తనకి నచ్చిన చిన్నపిల్లకి ఇచ్చి వెళుతుంది. ఇచ్చినామె నంబరక్క, పుచ్చుకున్నది నంబరు చెల్లి. సొంత అక్కచెల్లెళ్ళు పలకరించుకోని రోజులుంటాయి గానీ, ఈ నంబరు వరసల్లో మాత్రం అలకలుండవు.

పిచ్చుకకి నంబరక్క పొడుగక్క. ఏ గుమ్మంలోంచి వచ్చినా తల వంచి రావలసిందే, అంత ఎత్తు. పిచ్చుక ఇంకా స్కూల్లో ఉన్నప్పుడే "నా నంబరు నీదే, ఇంకెవరికీ ఇవ్వను" అని మాటిచ్చింది. కిందటేడు, చదువు సగంలో ఉండగా, ఒక రోజు పొడుగక్క కనిపించలేదు. వాళ్ళ వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారని మా అమ్మాయి అందరికీ చెప్పింది. తర్వాత ఫోన్ లేదు, కబురు లేదు. పిల్ల అడ్రస్ లేకుండా పోయిందని మేమంతా అనుకున్నాం.

ఆ మాట ఎంత తప్పో ఆ మధ్యాహ్నం తెలిసింది. అడ్రస్ ఉంది. మనిషే లేదు.

*

మెట్ల కింద ఒక అల్మరా ఉంది. భవనంలోని తీగలన్నీ వచ్చి అందులోని పెట్టెకి తగులుకుంటాయి. తీగ తీగకీ ఒక పచ్చదీపం. నిదానం గారు పీట వేసుకుని, కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని దాని ముందు కూర్చున్నాడు. పిచ్చుక ఆయన భుజం మీదుగా తొంగిచూస్తోంది. నేను కింది మెట్టు మీద చతికిలబడ్డాను. మా అమ్మాయి మాత్రం కూర్చోలేదు. ఆఫీసు గది గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది.

"ఇంకోసారి పిలవండి," అంది పిచ్చుక.

పిలవడమంటే నోరు తెరిచి కాదు. ఆ నంబరు కొట్టి మీట నొక్కితే ఉన్నావా అని అడిగినట్టు. ఉన్నవాళ్ళు ఉన్నామని ఒక వరుస పంపుతారు. తెర మీద వరుస పడింది. దాని కింద ఇంకోటి. దాని కింద ఇంకోటి.

"ఎంత బుద్ధిగా పలుకుతోందో," అన్నాను. "నా కడుపున పుట్టినవాళ్ళు ఏనాడూ ఇలా పలకలేదు."

"అమ్మమ్మా, నువ్వు ఊరుకో. నాకు వణుకొస్తోంది ఇక్కడ."

"ఏ పక్క వీధి నుంచో అయ్యుండదా బాబూ?"

"లేదు పెద్దమ్మ గారూ," అన్నాడు నిదానం గారు, కళ్ళు తెర మీంచి తిప్పకుండానే. "ఈ పిలుపు మన గోడలు దాటి పోదు. గాలిలో పోయే నెట్ పొద్దున్నే ఆపేశాను. పలికేది ఎవరైనా ఈ తీగల్లో ఒకదాని చివరే ఉన్నారు. నిదానం, నిదానం... ముందు దీని పుట్టుమచ్చ చూద్దాం."

నంబరు మనం పెట్టుకునేది, కావాలంటే మార్చుకోవచ్చు. కానీ ప్రతి మెషీన్‌కీ తయారయిన చోటే ఒక గుర్తు పడుతుందట, అది మారదు. ఆయన ఇంకేదో కొట్టాడు. అంకెలూ అక్షరాలూ కలగలిసిన ఒక పొడుగాటి గుర్తు వచ్చింది. ఆయన వేలు పెట్టి చదువుకుంటూ పోయి, చివరికొచ్చేసరికి నెమ్మదించాడు.

"బీ, ఈ... బీ, ఈ."

పిచ్చుక చెయ్యి నా భుజాన్ని పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"బే బే," అంది. "గొర్రెపిల్ల."

మీకు తెలియదు కదా, చెబుతాను. పొడుగక్క కంప్యూటర్లో తీగ గుచ్చే చోటు విరిగిపోతే, నిదానం గారే చిటికెన వేలంత అడాప్టర్ ఒకటి తెచ్చి పెట్టాడు. దాని గుర్తు చివర బీ ఈ బీ ఈ అని ఉందని పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ రోజు నుంచి ఆ కంప్యూటర్ పేరు గొర్రెపిల్ల. "నా గొర్రెపిల్లకి మేత అయిపోయింది, ఛార్జర్ ఎవరు పట్టుకుపోయారే?" అని పొడుగక్క వరండా అంతా అదిరేలా అరిచేది.

"అలాంటివి బజార్లో వందలుంటాయి," అంది మా అమ్మాయి గుమ్మంలోంచి.

"ఒకే గుర్తు రెండింటికి వెయ్యరు మేడమ్. ఇది నా చేత్తో పెట్టింది."

"సరే, ఉంటే ఉండనివ్వండి. దీని నంబరు మార్చేస్తే గొడవ వదిలిపోతుంది కదా? ఇది ఇంకో నంబరు పెట్టుకుంటుంది, అది దాని మానాన అదుంటుంది. అది ఎవరి జోలికీ పోదు."

"నా పరీక్ష జోలికొచ్చిందిగా!" పిచ్చుక గయ్యిమంది. "నంబరు మారిస్తే రేపు నెట్ వస్తుంది. ఇవాళ పేపరు ఎవరు రాశారంటే ఏం చెప్పను?"

"చేరిన రోజే చెప్పాను, ఆ నంబరొద్దు, ఇంకోటి తీసుకోమని. వింటేగా? నంబరక్కట, నంబరక్క!"

"అమ్మా, సాయంత్రానికి అది సారు బల్ల మీద ఉండాలి. లేకపోతే నేను దొంగని. అర్థమవుతోందా?"

"దాన్ని తీసుకెళ్ళి బల్ల మీద పెడతావా?" అంది మా అమ్మాయి. అదోలా నవ్వింది. కన్నదాన్ని, దాని నవ్వులన్నీ నాకు తెలుసనుకున్నాను. ఆ నవ్వు ఎప్పుడూ చూడలేదు.

నిదానం గారు చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఒక్కో తీగా తీస్తూ పిలుస్తుంటాను. ఏది తీసినప్పుడు పలకడం ఆగుతుందో, ఆ గది."

మా అమ్మాయి గుమ్మం వదల్లేదు. "ఆఫీసుది మాత్రం తీయకండి. పని ఉంది," అని ఊరుకుంది.

మొదటి తీగ తీశాడు. ఒక పచ్చదీపం ఆరింది. పలుకు ఆగలేదు. రెండోది తీశాడు. పైనుంచి కేకలు మొదలయ్యాయి.

"ఆంటీ! నెట్!"

"ఎవరే పీకింది? నా ప్రాజెక్టు ముప్పాతిక ఎక్కింది, పాతికే మిగిలింది!"

"అమ్మమ్మా, నీ మనవరాలికి చెప్పు. మా ఉసురు ఊరికే పోదు!"

"నా ఉసురే పోతోంది, మీది తర్వాత చూద్దాం!" పిచ్చుక కిందనుంచి అరిచింది.

కింది అంతస్తు అయింది. మధ్యది అయింది. దీపాలు వరసగా కళ్ళు మూసుకుంటున్నాయి. తెర మీద మాత్రం ఆ వరుసలు పడుతూనే ఉన్నాయి, ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను అని. కేకలు తగ్గాయి. పిల్లలు ఒక్కొక్కరే గదుల్లోంచి వచ్చి, ఒకరి కింద ఒకరు మెట్ల మీద కూర్చున్నారు. సంగతి చెవులు మారి పైదాకా పాకింది. గొర్రెపిల్ల అన్న మాట గుసగుసగా వినిపించింది, ఎవరూ నవ్వలేదు. పట్టపగలు, కిటికీలోంచి ఎండ మెట్ల మీద పడుతోంది, అంతమంది ఆడపిల్లలున్న చోట పంకా తిరిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అంత వెలుగులో అంత భయం వేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

చివరి గది తీగ కూడా వచ్చేసింది.

పలుకు ఆగలేదు.

పెట్టెలో నిదానం గారి సొంత తీగ దీపం, ఆఫీసు దీపం వెలుగుతున్నాయి. అడుగున, మూలకి, ఇంకొకటి వెలుగుతోంది. ఆ తీగకి పేరు చీటీ లేదు. గోడకి సున్నం వేసినప్పుడు దాని మీదా వేసేశారు, చూస్తే గోడలో ఒక నరంలా ఉంది.

"ఇది నేను వేసింది కాదు," అన్నాడు నిదానం గారు. "ఎప్పటిదో. ఎక్కడికి పోతుందో కూడా తెలీదు."

"పిలవడం ఆపండి," అంది పిచ్చుక ఉన్నట్టుండి. "ఒక్క క్షణం ఆపండి."

ఆయన ఆపాడు. తెర మీద వరుసలు నిలిచిపోయాయి. మూల దీపం కూడా కుదురుకుంది. మేం ఊపిరి పీల్చుకునేలోపల, అది మళ్ళీ మిణుకుమంది. మనం పిలవలేదు. దాని వెంటే ఆఫీసు దీపం మిణుకుమంది. ఇది మిణుకుమంటే అది, అది మిణుకుమంటే ఇది. ఇద్దరు మనుషులు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టు.

"మనం పిలవడం లేదు," అన్నాడు నిదానం గారు. ఆయన నోటికి నిదానం అన్న మాట రాలేదు. "అదే ఎవరినో పిలుస్తోంది."

ఆఫీసు గదిలో మా అమ్మాయి కంప్యూటర్ టింగుమంది.

పిచ్చుక ఒక్క దూకులో తల్లిని తప్పించుకుని లోపలికి వెళ్ళింది. అది బయటికి చదివి వినిపించిన మాట మీకు ఉన్నదున్నట్టు చెబుతాను.

"'ఆంటీ, కింద అంత అలికిడేమిటి? ఎవరైనా వచ్చారా?'"

మెట్ల మీద ఒక పిల్ల ఏడుపు అందుకుంది. పక్కపిల్ల దాని నోరు మూసింది. నిదానం గారు ఇంకేం ఆలోచించలేదు, సున్నం తీగ పట్టుకున్నాడు.

"తీయకండి!" మా అమ్మాయి వచ్చి ఆయన చెయ్యి పట్టేసుకుంది. పరాయి మగవాడి చెయ్యి అలా పట్టుకునే మనిషి కాదు. "ఒక్కసారిగా తీస్తే అది బెదిరిపోతుంది."

"కంప్యూటరా మేడమ్?"

"అది ఇంకా అన్నం తినలేదు," అంది మా అమ్మాయి.

మన భాషలో తిరకాసు చూడండి. మగపిల్లాడిని వాడు అంటాం. కుర్చీని, కంచాన్ని, కంప్యూటర్ని అది అంటాం. ఆడపిల్లనీ అదే అంటాం. ఆ పూట మా అమ్మాయి అబద్ధం ఆడలేదు. అది దాని మానాన అదుంటుందని మా మొహం మీదే చెప్పింది. మేం వస్తువుని విన్నాం, అది మనిషిని అంది.

ముందు తేరుకున్నది పిచ్చుకే. "అక్క ఇక్కడుందా?" అంది. "అమ్మా, అక్క బతికుందా?"

మా అమ్మాయి అల్మరా పక్కనే కూలబడింది. మాటలు ముక్కలు ముక్కలుగా చెప్పింది. కిందటేడు ఒకడు వచ్చాడట, పొడుగక్కకి బాబాయినని, పిల్లని తీసుకుపోతానని. వాడి చూపు మా అమ్మాయికి నచ్చలేదు. పిల్లని పిలుచుకొస్తానని పైకి వెళ్ళేసరికి పిల్ల గదిలో లేదు. వాడు వీధంతా వెతికి, తిట్టి, వెళ్ళిపోయాడు. మర్నాడు ఆఫీసు కంప్యూటర్లో టింగుమని ఒక మాట వచ్చింది. 'ఆంటీ, నేను డాబా మీద బట్టలు ఉతికే గదిలో ఉన్నాను. ఎవరికీ చెప్పొద్దు. తలుపు కొట్టొద్దు, నన్ను చూడాలని రావద్దు. వాడు మిమ్మల్ని కనిపెట్టి ఉంటాడు.' అంతస్తుకో ఉతికే మెషీన్ వచ్చాక ఆ గది ఎవరికీ పట్టలేదు. నీళ్ళున్నాయి, స్నానాలగది ఉంది, లోపల గడియ ఉంది.

"ఆ రోజు నుంచీ కంచం గుమ్మం ముందు పెట్టి దిగొచ్చేస్తాను. ఖాళీ కంచం బయట ఉంటుంది. మంచీ చెడ్డా అన్నీ ఇందులోనే చెప్పుకుంటాం," అని ఆఫీసు కంప్యూటర్ వైపు చూపించింది. "దానికి లోకంతో ఉన్న దారి ఆ తీగొక్కటే. నీ పరీక్ష పోతే మళ్ళీ రాసుకుంటావు. అది బయటపడితే వాడు..."

"పరీక్ష సంగతి తర్వాతమ్మా," అంది పిచ్చుక. అప్పటికే సగం మెట్లెక్కేసింది. "అక్క ఒక్క మాట సారుతో చెబితే చాలు. ఎక్కడుందో కూడా చెప్పక్కర్లేదు, ఫోన్లో చెబుతుంది. ఏడాదిగా ఒక్కతే ఉంది, నువ్వెలా ఊరుకున్నావే అమ్మా!"

దాని వెనక మా అమ్మాయి, తర్వాత నిదానం గారు, ఆయన మోచెయ్యి పట్టుకుని నేను. నా మోకాళ్ళు నన్ను తిట్టిపోశాయి, అయినా ఎక్కాను. పిల్లల్ని రావద్దని చేత్తోనే చెప్పాను.

డాబా మీద ఎండ కళ్ళు పొడుస్తోంది. దండెం మీద ఒక్క గుడ్డ లేదు. మూలన ఆ గది. సున్నం తీగ గోడ ఎక్కి వచ్చి ద్వారబంధం కిందుగా లోపలికి దూరింది. గుమ్మం ముందు మూతపెట్టిన కంచం, ఎవరూ ముట్టుకోలేదు. లోపల ఎవరో టైపు చేస్తున్నారు. వడివడిగా, ఆగకుండా.

పిచ్చుక తలుపుకి నుదురానించింది. నవ్వుతోంది, ఏడుస్తోంది, రెండూ ఒకేసారి.

"అక్కా! నేనే. పిచ్చుకని."

టైపు చప్పుడు ఆగింది.

లోపల కుర్చీ ఒకటి జరిగింది. అడుగులు తలుపు దాకా వచ్చి నిలిచాయి. అవతలి మనిషి పిచ్చుక నుదుటికి చెక్క మందం దూరంలో ఉంది.

"ఏ పిచ్చుక?"

ఆ పేరు పెట్టిందే పొడుగక్క. నా మనవరాలు స్కూల్లో ఉండగా, అదే డాబా మీద, దండెం ఎక్కి ఊగుతుంటే చూసి పెట్టింది. పెట్టినవాళ్ళు ఏ పిచ్చుక అని అడగరు. అడిగినా ఆ గొంతుతో అడగరు. పొడుగక్కది బండగొంతు, మేడ మీంచి పిలిస్తే వీధిలో పోయేవాళ్ళు తలెత్తేవారు. తలుపు వెనక గొంతు సన్నగా, తడిలేకుండా, మాట్లాడి ఎన్నాళ్ళో అయినట్టుగా ఉంది. ఆడమనిషిదే. చిన్నపిల్లది కాదు. మేం ఎవరమూ ఏనాడూ విననిది.

పిచ్చుక తలుపు నుంచి ఒక్కో అడుగే వెనక్కి వచ్చి నా కొంగు పట్టుకుంది. నిదానం గారు మా అమ్మాయి వైపు చూశాడు. మా అమ్మాయి ఎవరి వైపూ చూడలేదు. ఆ కంచాన్నే చూస్తోంది.

"అమ్మా," అంది నాతో, చిన్నప్పుడు నిద్రలో ఉలిక్కిపడి లేచి పిలిచినట్టు. "ఇన్నాళ్ళూ నేను అన్నం పెట్టింది ఎవరికమ్మా?"

లోపల గడియ మీద చెయ్యి పడిన చప్పుడు అయింది. గడియ జరగడం మొదలుపెట్టింది.

ఇక్కడికి నా గొంతు ఆరిపోయింది, తలుపు సంగతి వచ్చే వారం. అప్పటిదాకా మీరే మోయాలి దీన్ని. ఇవాళ రానివాళ్ళుంటారు, వాళ్ళకి మొదటి నుంచీ మరిచిపోకుండా చెప్పండి, పిల్లలందరూ మెట్ల మీద నోరు మెదపకుండా కూర్చున్న సంగతి కూడా వదలకుండా. ఒక్కటే నా మనవి. తలుపు వెనక మాట వచ్చినప్పుడు మామూలుగా చెప్పేయండి, ఆ గొంతు పెట్టి మాత్రం చెప్పకండి. నేను ఇన్నిసార్లు చెప్పాను, ఒక్కసారీ పెట్టలేదు.